పరుగెత్తితే పట్టుకునే నొప్పి

అరకు,
శనివారం మధ్యాహ్నం.

మార్తక్కకి,

నీ చెల్లెలు ఎస్తేరు వందనాలతో రాసుకునే ఉత్తరం. ప్రభువు దయవల్ల నేనిక్కడ లేచి తిరుగుతున్నాను, అన్నం తింటున్నాను. నువ్వు, బావ, అత్త, పిల్ల కీర్తన అంతా బాగున్నారని తలుస్తున్నాను. అత్త మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మిరియాలు కోయడం అయిందా? నల్లావు ఈనిందో లేదో కూడా రాయి. ఇంటి మీద కొత్త రేకులు వేయించామని బావ ఫోన్లో అన్నాడు. వానలకి ముందే వేయించారు, మంచి పని.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. మన ఊళ్ళో సిగ్నల్ కావాలంటే చర్చి వెనక మెట్ట ఎక్కాలి. నువ్వు ఎక్కితే నీ వెంట నలుగురు ఎక్కుతారు. స్పీకర్ పెట్టి అందరూ వింటారు. నేను చెప్పేది కడుపు గురించీ, దొడ్డికి వెళ్ళడం గురించీ. అది అత్త ముందూ బావ ముందూ ఎలా చెప్పను? ఇక్కడి పాస్టరు గారు మీటింగుకి మన జి.మాడుగుల వస్తున్నారు, ఆయన చేతికి ఇస్తున్నాను. నువ్వే చదువుకో, కీర్తన చేత చదివించకు. మధ్యలో భయం వేసినా ఆపకు. ఇప్పుడు బాగానే ఉన్నాను, అది గుర్తుపెట్టుకుని చదువు.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. పొద్దున్నే మంచు రోడ్డు మీదకి దిగితే, ఎదురుగా వచ్చే కారు లైట్లు తప్ప కారు కనపడదు. నేనూ దేవీ ఉండే గది నీకు తెలుసు కదా, క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చెప్పాను. చింతపల్లి పిల్ల దేవి, నాలాగే కానిస్టేబుల్ పరుగు పరీక్షకి తయారవుతోంది. పొద్దున ఇద్దరం గ్రౌండుకి పోతాం. తర్వాత ఆమె ఒక హోటల్లో పనికి, నేను కాఫీపొడి దుకాణానికి. దుకాణంలో పని కష్టమేమీ కాదు. టూరిస్టులు వస్తారు, వాసన చూస్తారు, ఏది స్ట్రాంగు అని అడుగుతారు. ఈ ఊరివాళ్ళు తమలో తాము ఒడియా కలిసిన మాట మాట్లాడుకుంటారు, నాకు సగమే అర్థమవుతుంది. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతాను. మధ్యాహ్నం బేరం లేనప్పుడు నీ మాట వినాలనిపిస్తుంది. అన్నం దొరుకుతుంది అక్కా, దాని గురించి బెంగపడకు. చోడి అంబలి మాత్రం నీ చేతిది కాదు.

గ్రౌండులో మమ్మల్ని పరుగెత్తించేది మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన ఒక పెద్దాయన. శ్రీకాకుళం మనిషి. అందరం మాస్టారనే అంటాం. మంచివాడే, కానీ ఆగితే ఊరుకోడు. మొదట్లో నాకు కాళ్ళే నొప్పులు పెట్టేవి. చలి మొదలయ్యాక కడుపు పట్టుకుంది. పరుగు అందుకున్న కాసేపటికి బొడ్డు కింద సుళ్ళు తిరిగినట్టుండేది. పొట్ట ఉబ్బి, తేన్పులు వచ్చి, ఒక్కోసారి నోట్లోకి పులినీళ్ళు. ఇంకొంచెం దూరం వెళితే అర్జెంటుగా దొడ్డికి వెళ్ళాలనిపించేది. గ్రౌండులో మగపిల్లలు అంతమంది ఉంటారు. ఎక్కడికని పోను?

ఒకరోజు ఆగిపోతే మాస్టారు వచ్చాడు.

"ఏటే గుంటా, ఆగిపోనావేటి?"

"కడుపులో నొప్పి మాస్టారూ."

"కడుపులో నొప్పి కాదే, బయం. పరీచ్చ దగ్గర పడింది కదా, ఆ బయం కడుపులో కూకుంది. నడు, పరిగెట్టు, అదే పోద్ది."

పోలేదు. దేవిని అడిగాను. ఆమె నవ్వేసింది. "నాకూ అవుద్దే. ఇక్కడ పరిగెట్టినోలందరికీ అవుద్ది. ఎవులూ సెప్పరు, అంతే."

అందరికీ అయ్యేదే అనుకున్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నా తెలివితో నేనే వైద్యం మొదలుపెట్టాను. రాత్రి అన్నం తగ్గించాను. పొద్దున తినడమే మానేశాను. నీళ్ళు తాగితే కడుపులో గుడగుడలాడుతుందని నీళ్ళు కూడా మానేశాను. దుకాణం నుంచి తెచ్చుకున్న పొడితో కడుపు ఖాళీ అవ్వాలని నల్ల కాఫీ చిక్కగా కాచుకుని తాగేదాన్ని. మన కొండ మీద కాఫీ పండ్లు కోసి బుట్టలకెత్తడమే గాని ఆ నీళ్ళు ఎప్పుడైనా తాగామా? ఇక్కడికొచ్చి నేర్చుకున్నాను. కొన్నాళ్ళు బాగానే పనిచేసినట్టు అనిపించింది. ఈలోగా మోకాలి కింద ఎముకలు రెండు కాళ్ళకీ నొప్పి పెట్టాయి. గ్రౌండులో అందరూ వేసుకునే నొప్పి బిళ్ళలే మెడికల్ షాపులో కొనుక్కున్నాను. పరుగుకి ముందే వేసుకుంటే నొప్పి తెలియదని ఎవరో అంటే, రోజూ పొద్దున ఆ కాఫీతోనే మింగేదాన్ని. కాళ్ళ నొప్పి నిజంగానే తెలిసేది కాదు. నా టైము తగ్గింది. మాస్టారు నా భుజం తట్టాడు. ఆ వారం ఫోన్లో నేను అంత సంతోషంగా మాట్లాడింది అందుకే.

ఆ తర్వాతి శనివారం దూరం పరుగు పెట్టారు. సుంకరమెట్ట వైపు రోడ్డు, ఎక్కుడు ఎక్కి తిరిగి రావాలి. మంచు విడిపోయి ఎండ వచ్చేసింది. తిరుగు దారిలో కడుపు పట్టేసింది. మామూలుగా వచ్చే నొప్పి కాదు, ఎవరో లోపల పేగు పట్టుకుని మెలిపెడుతున్నట్టు. దేవి ముందుకి వెళ్ళిపోయింది. రోడ్డుకి ఒకవైపు రిసార్టు కంచె, ఇంకోవైపు కార్లు ఆపుకుని ఫోటోలు దిగేవాళ్ళు. మన ఊళ్ళో అయితే చాటుకి కొదవా? ఇక్కడ కొండంతా ఉన్నా ఒక ఆడపిల్ల కూర్చోవడానికి జాగా లేదు. చెమట చల్లగా పట్టేసింది. బొంగులో చికెన్ అమ్మే పాక ఒకటి కనపడితే అక్కడికి పోయి నిలబడ్డాను. రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. ఆ పాకావిడ, నీ వయసే ఉంటుంది, నన్ను ఒక్క చూపు చూసి చేతిలో పటకారు కింద పెట్టింది.

"కడుపా? రా. పాక ఎనకాల తడిక ఉంది, నీల్లు ఉన్నాయి. బేగి ఎల్లు."

వెళ్ళాను. లేచి చూసుకుంటే రక్తం, అక్కా.

నెలసరి కాదు. అది అయిపోయి పది రోజులే. ఎర్రగా, నీళ్ళగా, చాలా ఉంది. తడిక పట్టుకున్నాను. మట్టి కప్పి నీళ్ళు పోసి అక్కడే కాసేపు కూర్చుండిపోయాను. ఆవిడ అవతలి నుంచి "అమ్మీ, బాగున్నావా?" అంది. బాగున్నానని చెప్పాను. బయటికి వచ్చాక నా మొహం చూసి నమ్మలేదు. ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చింది, అటు వెళ్ళే ఆటో ఆపి ఎక్కించింది. పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆటోలో నాకు అమ్మే కనపడింది. నాకు అమ్మ మొహం సరిగా గుర్తులేదు, నీకు తెలుసు. ఇది ఒక్కటే గుర్తుంది. ఇంటి వెనక పనసచెట్టు కింద అమ్మ కూర్చుని లేవలేకపోవడం, నువ్వు చంకలో చెయ్యి వేసి లేపడం. నన్ను లోపలికి పొమ్మని కసిరావు. నేను తలుపు సందులోంచి చూశాను. రాలిన ఆకుల మీద ఎర్రగా ఉంది. తర్వాత కొన్నాళ్ళకి అమ్మని డోలీ కట్టి దించారు, తిరిగి నడిచి రాలేదు. ఏ జబ్బని ఎవరూ చెప్పలేదు. కడుపు జబ్బు అన్నారు, అంతే. ఎవరో ఏదో చేశారని కూడా అన్నారు. ఇప్పుడు నాకూ అదే వచ్చిందనుకున్నాను. దుకాణంలో పొట్లాలు కడుతున్నా అదే ఆలోచన. ఆదివారం చర్చిలో అందరూ పాట పాడుతుంటే నేను పుస్తకం మూసేశాను. ప్రార్థన చేద్దామంటే, "ప్రభువా, నన్ను అమ్మలా తీసుకుపోకు" అన్న ఒక్క మాటే వస్తోంది.

దేవికి చెప్పలేదు. జ్వరమని అబద్ధం ఆడి పడుకున్నాను. రక్తం ఆగింది. ఆగిందంటే తగ్గినట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్ష దగ్గర పడింది, ఇంతదాకా వచ్చి మానేస్తానా? బిళ్ళ వేసుకుని మళ్ళీ గ్రౌండుకి వెళ్ళాను.

ఆరోజు మాస్టారు టైము చూసే పరుగు పెట్టాడు. సగం దాకా దేవి పక్కనే ఉన్నాను. తర్వాత చూపు మసకబారింది. కడుపులో ఆ మెలి మళ్ళీ వచ్చింది. ఎలాగో గీత దాటాలని చూశాను గాని మోకాళ్ళ మీద పడిపోయాను. బట్టలు పాడయ్యాయి. అందరి ముందూ. అక్కా, ఆ సిగ్గు నేను రాయలేను. దేవి పరుగు ఆపి వెనక్కి వచ్చి తన స్వెటర్ నా నడుముకి కట్టింది. దానికి రక్తం అంటింది. అది చూసి గట్టిగా ఏడ్చింది దేవే, నేను కాదు.

మాస్టారు వచ్చి చూశాడు. ఆ మనిషి మొహంలో రంగు పోయింది.

"ఎన్నాల్ల నుంచే ఇది?"

నేను చెప్పాను.

"నాకెందుకు సెప్పలేదే?"

"చెప్పాను కదా మాస్టారూ, కడుపు నొప్పని. భయమన్నారు."

 జీపు పిలిపించి, ముందు సీట్లో తనే కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ గదిలోకి నన్ను పంపించి బయట బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ గుంటూరు వైపు ఆవిడ. చిన్న వయసే. నన్ను పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసి, సెలైన్ ఎక్కించమంది. తర్వాత కుర్చీ దగ్గరగా లాక్కుని, పరుగుకి ముందు ఏం తింటావు, ఏం తాగుతావు, ఏ బిళ్ళ వేస్తావు అని ఒకటొకటే అడిగింది. నేను చెబుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుంది.

"చూడమ్మా," అంది. "గట్టిగా పరుగెత్తేటప్పుడు ఒంట్లో రక్తం ఎక్కువగా కాళ్ళకి వెళ్ళిపోతుంది. పేగులకి తక్కువ అందుతుంది. అందుకే పరుగెత్తేవాళ్ళలో చాలామందికి కడుపు నొప్పి, వికారం, విరేచనం. అది మామూలే. కానీ నువ్వు నీళ్ళు మానేశావు, తిండి మానేశావు. ఖాళీ కడుపులోకి కాఫీ, దాంతో నొప్పి బిళ్ళ. రోజూ. లోపలి పొర దెబ్బతినదా?"

"అయితే ఇది అమ్మకి వచ్చింది కాదా మేడం?" అన్నాను.

"అమ్మకేమైంది?"

పనసచెట్టు కింద చూసింది చెప్పాను. నాకు తెలిసింది అంతే. ఆవిడ రాయడం ఆపేసింది. "చాలావరకు ఇది పరుగు వల్లా బిళ్ళల వల్లా వచ్చిందే అనుకుంటున్నా. మానేస్తే తగ్గిపోతుంది. కానీ అమ్మ సంగతి విన్నాక ఊరికే పంపలేను. విశాఖపట్నం వెళ్ళి పేగు లోపల కెమెరా పెట్టి చూపించుకో" అంది.

అది విన్నప్పటి నుంచి నాకు ఇంకా భయం పట్టుకుంది. నీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేశాను. మెట్ట మీద నిలబడి ఆ మాట విని నువ్వు ఒక్కదానివే కిందకి ఎలా దిగుతావు అనిపించింది.

దేవి సెలవు పెట్టి నాతో వచ్చింది. విశాఖలో వాళ్ళ పిన్ని ఇంట్లో దిగాం. పరీక్షకి ముందు పేగులన్నీ కడిగినట్టు అవ్వాలని మందు కలిపిన నీళ్ళు తాగించారు. జగ్గులకి జగ్గులు. ఉప్పగా, కొబ్బరినీళ్ళు పులిసినట్టు. ఇక బాత్రూమే నా ఇల్లు. పిన్ని తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఒలే అమ్మీ, ఉన్నావా?"

"ఉన్నాను పిన్నీ."

"పలుకుతుండు. పలక్కపోతే నాకు గాబరా."

అంత భయంలోనూ ఇద్దరం నవ్వాం. నువ్వుంటే ఆ స్టూలు మీద నువ్వే కూర్చునేదానివి.

పరీక్ష చేసేటప్పుడు మత్తు ఇచ్చారు, ఏమీ తెలియలేదు. లేచేసరికి అక్కడి పెద్ద డాక్టరు వచ్చి చెప్పాడు. పేగులో ఒకచోట పొర కమిలి ఎర్రగా ఉందట, అది పరుగుదేనట, మానుతోందట. ఇంకా కింద ఒకచోట శనగగింజంత కండ కాయలా పెరిగి ఉందట. అది పరుగు వల్ల వచ్చింది కాదు. చాన్నాళ్ళ నుంచి పెరుగుతూ ఉండాలన్నాడు. కత్తిరించి తీసేసి పరీక్షకి పంపామన్నాడు.

అక్కా, ఆ రిపోర్టు వచ్చేదాకా నేను బతికిన బతుకు ఎలా రాయను? అరకు తిరిగొచ్చి దుకాణంలో నిలబడేదాన్ని, కాఫీ వాసనకే వాంతి వచ్చేది. ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని. నేను పోతే నా పెట్టెలో బట్టలు ఎవరికి ఇవ్వాలో కూడా అనుకున్నాను. కీర్తనకి నా నీలం పంజాబీ డ్రెస్సు సరిపోతుందా అని చూసి మడత పెట్టాను. తెలివితక్కువ పని అని ఇప్పుడు అనిపిస్తోంది.

రిపోర్టు మొన్న వచ్చింది. చెడ్డది కాదు. ఆ మాట డాక్టరమ్మ నోటి నుంచి రాగానే నాకు తోడుగా వచ్చిన మాస్టారు టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇప్పటికి చెడ్డది కాదు గాని వదిలేసి ఉంటే కొన్నేళ్ళకి చెడిపోయి ఉండేదేమో అంది డాక్టరమ్మ. పరుగు వల్ల పేగు పుండు పడి రక్తం రాకపోతే ఆ కాయ ఉన్నట్టే తెలిసేది కాదు.

పరుగు పరీక్ష అయిపోయింది అక్కా. నేను వెళ్ళలేదు. పుండు మానేదాకా పరుగు వద్దన్నారు. ఆరోజు బస్టాండుకి వెళ్ళి దేవిని ఎక్కించి వచ్చాను. గెలిచింది. మిఠాయి తెచ్చి నా నోట్లో పెడుతూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. సంతోషమూ ఉంది, ఏదో పోయినట్టూ ఉంది. మళ్ళీ పరీక్ష ఎప్పుడో తెలియదు. ఇప్పుడు పొద్దున నడుస్తున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టు ముందు రెండు ఇడ్లీలు తిని, కాసేపు ఆగి, దారిలో నీళ్ళు తాగుతూ. నొప్పి బిళ్ళ ముట్టుకోవడం లేదు. నిన్న కొంచెం మెల్లగా పరుగెత్తి చూశాను. కడుపు ఊరుకుంది. అయినా ప్రతి అడుగుకీ ఇదిగో పట్టుకుంటుందేమోనని భయం. ఆ భయం పోవడానికి టైము పడుతుందన్నారు. మాస్టారు ఇప్పుడు గ్రౌండులో ఆడపిల్లల్ని విడిగా కూర్చోబెట్టి, కడుపు ఎలా ఉందే అని అడుగుతున్నాడు. వాళ్ళు సిగ్గుపడి చస్తున్నారు. వాడకంలో లేని గదిలో దొడ్డి ఒకటి ఉంటే తాళం తీయించి బాగుచేయించాడు కూడా.

ఇంతదాకా నా సంగతి. ఈ ఉత్తరం రాసింది దీని తర్వాత చెప్పేదాని కోసం.

రిపోర్టు చూపించి డాక్టరమ్మ నన్ను అడిగింది, ఇంట్లో ఇంకెవరున్నారని. అక్క ఉందన్నాను. అమ్మ పోయేనాటికి వయసెంత అంది. నాకు సరిగ్గా తెలియదన్నాను. అక్కకి ఇప్పుడెంత అంది. నేను లెక్క వేసుకుంటూ అక్కడే ఆగిపోయాను. నువ్విప్పుడు ఇంచుమించు అమ్మ వయసుకి వచ్చేశావు. ఇలాంటి కాయలు ఒక తల్లి పిల్లల్లో వరసగా రావచ్చట. అక్కని తప్పకుండా తీసుకురా అని చీటీ మీద రాసి ఇచ్చింది.

క్రిస్మస్‌కి నేనొచ్చినప్పుడు అందరికీ కోడికూర వడ్డించి నువ్వు గంజి తాగావు. ఏటక్కా అంటే, "నాకు కారం పడదే, మొదట్నించీ అంతే" అన్నావు. మొదటి నుంచీ అంతే కాదు. చిన్నప్పుడు నా కంచంలో పచ్చిమిరపకాయలు కూడా నువ్వే తీసుకుని తినేదానివి. నీ జాకెట్టు చేతులు వదులైపోయాయి. పోయిన వారం ఫోన్లో కీర్తన ఏమందో తెలుసా? "పిన్నీ, అమ్మ తన బట్టలు నన్ను ముట్టుకోనివ్వట్లేదు. తనే గెడ్డకి పట్టుకెళ్ళి ఉతుక్కుంటంది" అంది. నువ్వు ఫోన్ లాక్కుని మాట మార్చేశావు. అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. నేను అనుకుంటున్నది తప్పయితే దేవుడికి స్తోత్రం. తప్పు కాకపోతే మాత్రం దాచకు. నేను దాచి ఏమైందో పైన రాశాను.

వచ్చే గురువారం సంత జీపు ఎక్కి పాడేరులో దిగు. నేను పొద్దున్నే వచ్చి బస్టాండులో కూర్చుంటాను. అక్కడి నుంచి ఇద్దరం విశాఖ పోదాం. పిన్ని ఇల్లు ఉంది, డాక్టరమ్మ చీటీ ఉంది. బావకి ఏం చెప్పాలో తెలియకపోతే నా ఒంట్లో బాగోలేదని, నన్ను చూడటానికి వెళ్తున్నానని చెప్పు. ఊళ్ళో ఆకుమందు వేసే తాత దగ్గరికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, కానీ గురువారం మాత్రం రా. వచ్చేటప్పుడు కొంచెం చోడిపిండీ, రెండు అల్లం కొమ్ములూ తీసుకురా. కీర్తనని అత్త దగ్గర ఉంచు.

అత్తకి, బావకి నా వందనాలు చెప్పు. మీటింగు అయ్యాక పాస్టరు గారు ఇంటికొస్తే టీ ఇవ్వకు, ఆయనకి పడదట, పాలు ఇవ్వు. కీర్తనకి ముద్దులు. పెద్దవాళ్ళందరినీ నా కోసం ఒక ప్రార్థన చెయ్యమను. మనం కలిసినప్పుడు నీ చెయ్యి నా తల మీద ఉంచి నువ్వూ ఒకటి చెయ్యి.

భయం వేస్తుందని నాకు తెలుసు అక్కా. భయం తగ్గాక వద్దామని ఆగకు. నాకు తగ్గలేదు, భయపడుతూనే వెళ్ళాను. నువ్వూ భయపడుతూనే రా. నువ్వు బాత్రూములో ఉన్నంతసేపూ ఆ స్టూలు మీద నేను కూర్చుంటాను.

నువ్వు పెంచిన నీ చెల్లెలు,
ఎస్తేరు